నడచు, నడపు, నడపించు

తొమ్మిదవ తరగతి పిల్లలకు ప్రేరణక్రియలను బోధించునపుడు నేను లారిని ఉదాహరణముగా తీసికొనుచుందును. లారి నడచును. డ్రైవరు లారిని నడపును. యజమాని డ్రైవరుచేత లారిని నడపించును. క్రియకు మూలము ఒక్కటే, కర్తలు మారుచుందురు. మా పాఠశాల జూబ్లీహిల్సు కొండకు దిగువనున్నది. నా తరగతిలో నలువదిమంది యున్నచో పదిమంది తండ్రులైనను ఏదో యొక బండిని నడపువారై యుందురు. కావున ఈ పాఠము పిల్లలకు పుస్తకములోనిదిగా గాక ఇంటిలోనిదిగా తోచును. 2025లో, వానకాలము నడుమ, ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "సార్, డ్రైవరుతోని ఓనరు నడిపిస్తడు. మరి ఓనరుతోని ఎవరు నడిపిస్తరు?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వి, "వ్యాకరణము అంతవరకే పోవును, కూర్చుండుము" అని తప్పించుకొంటిని.

నెల తిరుగకమునుపే ఆ బాలుని తండ్రి మా యింటికి వచ్చెను. ఆయన తెచ్చిన సమస్యయు, కుమారుడడిగిన ప్రశ్నయు ఒక్కటే యని నాకు కొంత ఆలస్యముగా తెలిసినది.

జూబ్లీహిల్సు, ఫిలింనగరు అనగానే దూరముననున్న చదువరులకు నటుల మేడలును, ఎత్తైన ప్రహరీగోడలును జ్ఞప్తికి వచ్చును. 1960వ దశకములో చల్లగళ్ల నరసింహారావుగారి పూనికతో సహకార గృహనిర్మాణ సంఘము ఏర్పడునాటికి ఇది బండరాళ్లును, తుప్పలును గల కొండ. మదరాసునుండి తెలుగు చిత్రపరిశ్రమను ఇచ్చటికి రప్పింపవలెనన్న యత్నములో 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసినది. తరువాత ఫిలింనగరులో మరికొన్ని స్టూడియోలు, చలనచిత్ర వాణిజ్యమండలి, నిర్మాతల కార్యాలయములు వచ్చినవి. కాని కొండమీద చిత్రములను తీయువారున్నట్లే కొండక్రింద, కృష్ణానగరములోను, ఇందిరానగరులోను, చిత్రములను మోయువారున్నారు. దీపములు, క్రేనులు, పట్టాలు, దుస్తులపెట్టెలు, వంటపాత్రలు, నటులు విశ్రమించు కారవానులు, విద్యుత్తును పుట్టించు జనరేటరు బండ్లు, ఇవి యన్నియు తెల్లవారక మునుపే ఎవరో యొకరు నడపుకొనిపోయినగాని ఏ నాయకుడును నాయికను చూచి నవ్వజాలడు.

మా యింటికి వచ్చిన ఆయన అట్టి జనరేటరు బండిని నడపువాడు. సూర్యాపేట ప్రాంతపువాడు. ఇరువదియేండ్ల వయస్సులో లారిమీద క్లీనరుగా చేరి, స్టీరింగు పట్టి, బెజవాడ మార్గమున ఎనిమిదేండ్లు సరకు లారి నడపి, పన్నెండేండ్లుగా షూటింగు బండ్లను నడపుచున్నాడు. జీతము, బత్తా కలిసి సగటున నెలకు 28,000 రూపాయలు. భార్య ఇంటియొద్ద మిషను కుట్టును. ఒక్కడే కుమారుడు.

ఆయన కుర్చీ అంచున కూర్చుండి కొంతసేపు మా బాల్యమిత్రునివలె వానలనుగూర్చి మాట్లాడి, పిమ్మట అసలు విషయమునకు వచ్చెను. "సారూ, దసరా లోపల సొంత బండి కొందామనుకుంటున్న. పది టైర్ల లారి. ఓనర్ కం డ్రైవరు. ఫైనాన్సోళ్లు జామీను కావాలంటున్నరు. సర్కారు జీతమున్నోళ్లు సంతకం పెట్టాలంట. మీరు కాదంటే నేనేం అనుకోను."

ఆయనను ఈ ఆలోచనకు పురికొల్పినది ఆ సంవత్సరపు ఆగస్టు నెల. 30 శాతము వేతనము పెంపవలెనని కోరుచు చిత్రకార్మికులు 4వ తేదీనుండి పని నిలిపివేసిరి. ప్రభుత్వము కలుగజేసికొనగా 21వ తేదీన, మూడు సంవత్సరములలో దశలవారిగా 22.5 శాతము పెంచుటకు ఒడంబడిక కుదిరినది. సమ్మె న్యాయమైనదే యని ఆయన యెరుగును. కాని ఆ పదునెనిమిది దినములలో బత్తా యొక్కటియు రాలేదు. ఇంటి అద్దె ఆగలేదు. పైగా సెప్టెంబరు 22 నుండి కొత్తలారీలపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. కొత్తబండి చౌకయైనచో పాతబండిని అమ్మువారు బేరమునకు లొంగుదురు. ఇదియే అదనని ఆయన తలచెను.

నేను వెంటనే ఏమియు చెప్పలేకపోతిని. ఈ జామీనను మాటకు మా యింటిలో ఒక చరిత్ర కలదు. మాది బెజవాడకు సమీపమున ఒక గ్రామము. ఆ ప్రాంతమున లారి యజమాని యగుట పొలము కొనుటతో సమానమైన గౌరవముగా ఉండెడిది. సంఘములుగా ఏర్పడి, ఆటోనగరును నింపి, దేశము నలుమూలలకు బండ్లను త్రిప్పిన జిల్లా అది. నేను ఉన్నతపాఠశాలలో చదువుచున్నపుడు మా తండ్రిగారు ఒక బంధువు కొన్న లారికి హామీగా సంతకము చేసిరి. లారి రెండేండ్లు నడచినది. మూడవయేట ఇంజను చెడినది, కిస్తులు నిలిచినవి, బంధువు ఊరు విడిచెను. వడ్డీవ్యాపారి లారిని పట్టుకొనిపోయి వచ్చిన ధరకు అమ్మి, చాలని సొమ్మునకు మా గుమ్మములో కూర్చుండెను. రెండెకరముల మాగాణి పోయినది. అది మా తల్లికి పుట్టింటివారిచ్చిన నేల. సంతకము చేయునాడు ఆమెను ఎవరును అడుగలేదు. పొలము పోవునాడు మాత్రము కాగితముపై ఆమె వ్రేలిముద్ర కావలసివచ్చెను.

1872 నాటి కాంట్రాక్టు చట్టము హామీదారుని బాధ్యత ఋణగ్రస్తుని బాధ్యతతో సమానమని చెప్పుచున్నది. అనగా అప్పిచ్చినవాడు ముందుగా లారివానిని వెదకి వేసారి పిమ్మట నాయొద్దకు రానక్కరలేదు. నేరుగా నాయొద్దకే రావచ్చును. మనలో పెక్కుమంది జామీనును ఒక మర్యాదగా భావించి సంతకము చేయుదురు. అది మర్యాద కాదు. రాయబడని తేదీగల అప్పు.

కావున మర్యాదగా నిరాకరించుటకు మనస్సులో వాక్యములను కూర్చుకొనుచుంటిని. "లోభము మంచిది కాదు, ఉన్నదానితో తృప్తి" మొదలగు నీతివాక్యములు ఉపాధ్యాయునికి ఎప్పుడును సిద్ధముగానే యుండును. అంతలో లోపలినుండి నా భార్య వచ్చి, "ఏమండీ, కాదనేముందు లెక్క చూడరాదూ? ఆదివారం వాళ్ళావిడను కూడా తీసుకురమ్మనండి" అనెను. ఇల్లాలిని అడుగక చేసిన సంతకము ఎట్టిదో ఎరిగియుండియు, ఇల్లాలిని అడుగక నిరాకరింపబోవుచున్నానని అప్పుడు నాకు తట్టినది. రెండును ఒకే దోషము.

ఆదివారము ఇద్దరును వచ్చిరి. ఆయన బడిపిల్లల నోటుపుస్తకములో లెక్క వ్రాసికొని తెచ్చెను. దానిని చదువరుల ముందుంచుచున్నాను. ఏలయన, మన యిండ్లలో ఇట్టి పుస్తకములు తెరువబడక ముందే నిశ్చయములు జరిగిపోవుచున్నవి.

ఐదేండ్లు వాడిన పది టైర్ల లారి వెల 18 లక్షలు. చేతిలోనున్న మూడు లక్షలును, బంగారము అమ్మగా వచ్చు రెండు లక్షలును పోగా 13 లక్షలు అప్పు. నూటికి 16 వడ్డీ, నాలుగేండ్ల గడువు, నెల కిస్తు 36,850. హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు సరకు వేసికొనిపోయి తిరుగుసరకుతో వచ్చినచో రాకపోకలకు కిరాయి 56,000. మొత్తము 1,240 కిలోమీటర్లు. లీటరునకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 310 లీటర్ల డీజిలు. ఆయన లెక్క వ్రాసిన దినమున లీటరు ధర 95 రూపాయలు దాటియుండెను గనుక 29,700. టోలుగేట్లకు 7,500. బ్రోకరు కమీషను, హమాలీ, త్రోవలోని తిండి, ఇతర మామూళ్ళు 4,000. మిగులు 14,800. నెలకు ఐదు ప్రయాణములైనచో 74,000. అందులో కిస్తు 36,850, బీమా నెలకు 5,800 తీసివేయగా 31,350 మిగులును. "ఇప్పుడొచ్చే జీతం కంటె మూడువేలు ఎక్కువే సారూ. పైగా బండి మనదైతది" అని ఆయన పుస్తకమును మూసెను.

ఆమె అప్పటివరకు మాటాడలేదు. పుస్తకమును తన వైపునకు త్రిప్పుకొని, "టైర్లు ఏడున్నయి?" అని అడిగెను. ఆయన తలగోకికొనెను. పది టైర్లు అరుగుటకు నెలకు పదివేలు వేసిరి. మరమ్మతులు, పన్ను, ఫిట్‌నెస్, పర్మిటు కలిపి ఆరువేలు. 31,350 కాస్తా 15,350 అయినది. ఆమె నావైపు చూచి, "సారూ, గీ పదిహేనువేలు ఆయన జీతమా, బండి లాభమా? రెండూ అంటే ఎట్ల? వేరే డ్రైవరును పెడితే వానికి ఇయ్యాలె గద. మరి ఈయనకెందుకియ్యరు?" అనెను.

నేను సంస్కృతమును, ఆంగ్లమును చదివితిని. అర్థశాస్త్ర గ్రంథములును కొన్ని తిరుగవేసితిని. ఇంత సూటియైన ప్రశ్నను ఆ పుస్తకములలో చూచిన జ్ఞాపకము లేదు. ఆయన శ్రమకు 28,000 వేసినచో బండి నెలకు 12,650 రూపాయల నష్టముతో నడచుచున్నదన్నమాట. అనగా యజమాని యన్న పేరునకై ఆయన నెలనెలా తన జీతములో సగమునకు దగ్గరగా చెల్లించుచుండును. ఇది ఐదు ప్రయాణములును నిండుగా సాగినపుడు. ఐదింటిలో రెండుమార్లు తిరుగుసరకు దొరకక ఖాళీగా రావలసివచ్చినచో, ఖాళీబండికి డీజిలు కొంత తగ్గినను, మరి 44,000 పోవును. అప్పుడు కిస్తునకే చాలదు. సరకు చేరిన రసీదు తెచ్చియిచ్చిన పిమ్మట గాని మిగిలిన కిరాయి చేతికందదు. డీజిలు బంకువాడు మాత్రము రసీదుకొరకు ఆగడు.

ఇచ్చటనే మరియొక అపాయము కలదు. కిస్తు తీరనివాడు సరకు ఎక్కువ వేయును. మూడు ఇరుసుల లారి మొత్తము బరువును 2018లో ప్రభుత్వము 25 నుండి 28.5 టన్నులకు పెంచినది. ఆ హద్దును దాటినచో దండన కలదని ఎరిగియు దాటుదురు. సరకు దొరకనివాడు నిద్ర మానును. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు అని నియమించినది. అది పనివానిని యజమానినుండి కాపాడుటకు చేసిన చట్టము. యజమానియు పనివాడును ఒక్కడే యైనపుడు ఎవరినుండి ఎవరిని కాపాడవలెను? పరుల క్రింద పనిచేయువాడు "నాకు నిద్ర వచ్చుచున్నది" అని యజమానితో పోరాడును. తనక్రింద తానే పనిచేయువాడు ఆ మాట చెప్పుటకు మనిషి లేక చక్రముముందు తూగును.

ఇంతవరకు లెక్క. లెక్కతోనే పని తీరినచో నేను ఈ వ్యాసము వ్రాయనక్కరలేదు. ఆయన చాలసేపు నేలవైపు చూచుచు కూర్చుండి, "లెక్క నిజమే సారూ. గని ఒక మాట చెప్త" అని చెప్పెను. 2019లో ఆయన తండ్రి ఊరిలో మరణించిన దినమున ఆయన పట్టణమునకు దూరముగా షూటింగు వద్ద నుండెను. వార్త ఉదయము ఏడుగంటలకు వచ్చినది. జనరేటరు బండిని మరియొకరికి అప్పగించినగాని కదలవలదనిరి. ఆ మరియొకరు వచ్చుసరికి మధ్యాహ్నము రెండు గంటలు. ఊరు చేరుసరికి తండ్రిని పొలమునకు తీసికొనిపోయి యుండిరి. "ఇరవై ఏండ్ల సంది స్టీరింగు నా చేతులున్నది సారూ. గని బండి ఆపే హక్కు నాకు లేదు. గదొక్కటి కావాలె నాకు."

ఆ గదిలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. నేను లోభమని పేరుపెట్టబోయినది లోభము కాదు.

పాణిని మహర్షి కర్తను నిర్వచించునపుడు స్వాతంత్ర్యమునే దానికి లక్షణముగా చెప్పెను. క్రియావిషయమున ఎవడు స్వతంత్రుడో వాడే కర్త. పిమ్మట అట్టి కర్తను ప్రేరేపించువానిని వేరుగా పేర్కొనెను. ఇరువది సంవత్సరములుగా ఈ సూత్రములను నేను వ్యాకరణముగా మాత్రమే చదివియుంటిని. ఆ సాయంకాలము అవి నాకు జీవితముగా కనిపించినవి. స్టీరింగు పట్టినవాడు బండిని నడపుచునే యున్నాడు; వ్యాకరణము ప్రకారము వాడే కర్త. కాని ఆపుటకు వీలులేనివాడు కర్త యెట్లగును? అదియును గాక, రేపు లారి కొన్నను ఆపుటకు వీలగునా? నెలకు ఐదు ప్రయాణములు తప్పక చేయవలసినవాడు తండ్రి మరణించినను, బిడ్డకు జ్వరము వచ్చినను బండిని ఆపగలడా? ఆపినచో కిస్తు ఆగదు. అనగా పాత యజమానికి ముఖమైనను ఉండెను. ఈ కొత్త యజమానికి అదియు లేదు. కనుక ఆయన కోరినది స్వాతంత్ర్యము; కొనబోవుచున్నది లారి. ఆ రెండును ఒక్కటే యని ఆయనకు ఎవరు చెప్పిరి?

చెప్పినవారిలో మన చిత్రములును ఉన్నవేమో. టాక్సీ రాముడు 1961లో, డ్రైవర్ రాముడు 1979లో, లారీ డ్రైవర్ 1990లో, ఆటో డ్రైవర్ 1998లో తెలుగు తెరపైకి వచ్చిరి. బండి నడపువానిని నాయకునిగా నిలిపినందుకు ఆ చిత్రములకు నేను కృతజ్ఞుడనే. కాని నాకు జ్ఞప్తియున్నంతవరకు ఏ నాయకుడును టైర్ల అరుగుదలను లెక్కవేయగా చూడలేదు. ఏ నాయకుని లారియు ఖాళీగా తిరిగిరాలేదు. చిత్రములు చెప్పనిది నగరమే చెప్పినది. 2014 తరువాత ఫోనుద్వారా పిలుచుకొను టాక్సీలు హైదరాబాదులో విరివిగా వ్యాపించినపుడు ఎందరో డ్రైవర్లు జీతపు కొలువులు మాని అప్పుచేసి కార్లు కొని ఓనర్ కం డ్రైవర్లైరి. తొలుత ప్రోత్సాహకములు మెండుగా వచ్చినవి, పిమ్మట తగ్గినవి, కిస్తులు మాత్రము తగ్గలేదు. 2017 ఆరంభమునాటికి వారు బండ్లను ఆపి వీధులకెక్కవలసివచ్చెను. కారు వారిదే, ధర చెప్పు అధికారము వారిది కాదు.

అయినను, "కావున ఉన్నచోటనే యుండుము" అనుట న్యాయముకాదు. అప్పు పుట్టని కాలమున పేద డ్రైవరు జన్మాంతమువరకు పరుల బండిపైననే యుండవలసినవాడు. 1979లో మదరాసులో స్థాపింపబడిన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్టు ఫైనాన్సు వంటి సంస్థలు పాతలారీలపై చిన్నవారికి అప్పిచ్చుటయే వ్యాపారముగా పెట్టుకొన్నపిమ్మట క్లీనర్లుగా చేరినవారు యజమానులైన కథలు మన రహదారులపై కొల్లలుగా నున్నవి. అప్పు శత్రువుకాదు. అప్పు ఎంత? దానిని తీర్చు పని ఎవరి చేతిలో నున్నది? ఈ రెండు ప్రశ్నలే ముఖ్యములు.

ఈ రెండవ ప్రశ్నకు సమాధానము ఆమెయే చెప్పినది. "విశాఖపట్నంల మనకెవరు తెలుసు? కృష్ణానగర్ల మనల తెల్వనోడెవడు?" అనెను. పన్నెండేండ్లలో ఆయన ప్రతి కళాశాఖ సహాయకుని ఎరుగును. సెట్టుసామాను, తలుపులు, దర్వాజాలు, కృత్రిమ స్తంభములు, సోఫాలు గిడ్డంగులనుండి స్టూడియోలకును, స్టూడియోలనుండి గిడ్డంగులకును దినదినము పోవుచునే యుండును. దానికి పది టైర్ల లారి అక్కరలేదు, డీసీఎం చాలును. తిరుగుప్రయాణము ఖాళీయైనను ముప్పది కిలోమీటర్లే గాని ఆరువందలు కాదు. రాత్రి ఇంటికి రావచ్చును.

పుస్తకములో కొత్తపుట తిప్పిరి. ఈసారి కలము ఆమె చేతిలో నుండెను. పాత డీసీఎం వెల ఎనిమిది లక్షలు. చేతిసొమ్ము మూడు, బంగారము అమ్మగా ఒకటి. అప్పు నాలుగు లక్షలు. మూడేండ్లకు కిస్తు 14,060. బీమా, టైర్లు, మరమ్మతులు కలిపి నెలకు పదివేలు. దినపు కిరాయి 3,500. డీజిలు, ఇతర ఖర్చులు పోగా 2,400. నెలకు పదిదినములు పని దొరికినచో ఖర్చులకు సరి. ఇంటికి ఏమియు రాదు. పదునెనిమిది దినములైనచో 19,140. ఇరువదిరెండు దినములైనచో 28,740. అనగా పాత జీతమునకు సమానము. మూడేండ్లు గడచిన పిమ్మట కిస్తు మిగులును. ఇందు అద్భుతమేమియు లేదు. కాని పది, పదునెనిమిది, ఇరువదిరెండు అను ఈ మూడు అంకెలను తెలిసికొని దిగువాడు చీకటిలో దిగడు.

వారు వెళ్ళినపిమ్మట నా భార్య, "మనం పోగొట్టుకోగలిగినంతకే సంతకం చెయ్యాలండి. నాలుగు లక్షలు పోతే అమ్మాయి చదువు ఒక ఏడాది కష్టమవుతుంది, ఆగిపోదు. పదమూడు పోతే ఇల్లే కదులుతుంది" అనెను. మా తండ్రిగారికి నలువదియేండ్ల వయస్సున ఈ మాట చెప్పుటకు మా తల్లికి నోరుండెను, చెవి లేకపోయినది. నేను సంతకము చేసితిని.

ఒక్క మాట మాత్రము అడిగితిని. బంగారము ఆమెది గనుక బండి ఆమె పేర నుండవలెనని. ఆయన ఒక్క క్షణము ఆలోచించి, "అయితే నేను మళ్లీ డ్రైవర్నే అయిత గద సారూ" అని నవ్వి, ఒప్పుకొనెను. ఇప్పుడు ఆర్.సి. పై యజమాని స్థానమున ఆమె పేరును, దానిక్రింద అప్పిచ్చిన సంస్థ పేరును అచ్చువేయబడియున్నవి. ఆయన పేరు లైసెన్సుపై మాత్రమే కలదు. నడపువాడు, నడపించునది, ఆ నడపించుదానిచేతను నడపించునది, మూడు కర్తలును రెండు కాగితములపై వరుసగా నిలిచినవి. బాలుని ప్రశ్నకు సమాధానము రవాణా కార్యాలయమువారే వ్రాసియిచ్చిరి.

కథ సుఖాంతమని చదువరులు తలపవలదు. ఇంతవరకు ఐదు కిస్తులు కట్టిరి. నాలుగవది తొమ్మిది దినములు ఆలస్యమైనది; ఒక నిర్మాణసంస్థవారు కిరాయి బాకీపెట్టి చిత్రమును మధ్యలో ఆపివేసిరి. ఆ తొమ్మిదిదినములలో రెండుమార్లు నాకు ఫోను వచ్చినది. ఒకమారు తరగతిలోనుండగా వచ్చినది. నా స్వరము వణకినదని పిల్లలు గమనించిరో లేదో యెరుగను. ఆ రాత్రి మా తల్లి వ్రేలిముద్ర గుర్తువచ్చి నిద్రపట్టలేదు. అయితే ఫోను రాకమునుపే ఆమె మా యింటికి వచ్చి, పుస్తకమును చూపి, ఎంత తగ్గినదో, ఏ దినమున కట్టగలరో నా భార్యతో చెప్పియుండెను. చెప్పిన దినముననే కట్టిరి. మా బంధువు మా తండ్రిగారికి చేయనిది ఇదియే. ఆయన ఋణమును కాదు, వార్తను దాచెను.

మొన్న ఒక ఉదయమున నేను పాఠశాలకు పోవుచు వారి వీధిమీదుగా నడచితిని. పసుపుపచ్చని నంబరుపలక గల ఆ డీసీఎం ఇంటిముందు నిలిచియున్నది. పనిదినము గదా యని లోనికి తొంగిచూచి పలుకరించితిని. ఆయన స్నానముచేసి తెల్లని పంచె కట్టుకొని యుండెను. "ఇయాల నాయిన తిథి సారూ. బండి తీయలే. రెండు కిరాయిలొచ్చినయి, రానని చెప్పిన" అనెను. లోపల ఆమె పుస్తకములో ఆ దినపు గడియకెదురుగా సున్న చుట్టుచుండెను. ఆ సున్నవలన ఆ నెల ఇరువదిరెండు ఇరువదియొకటి యగును; 2,400 పోవును. ఆ సంగతి ఇద్దరికిని తెలియును.

ఆనాడు తరగతిలో ప్రేరణక్రియలను పునశ్చరణ చేయించితిని. నడచు, నడపు, నడపించు అని పిల్లలు వల్లించిరి. నేను నల్లబల్లమీద నాలుగవరూపముగా "నడపడు" అని వ్రాసి, ఇది వ్యతిరేకార్థము, దీనినిగూడ నేర్చుకొనుడు అని చెప్పితిని. ఆ బాలుడు మూడవ వరుసలో కూర్చుండి ఏమియు అడుగక వ్రాసికొనెను.